అందరూ పలకరిస్తారు, ఎవరూ పిలవరు

పేరు రాయొద్దని కోరుతూ ఒక పాఠకురాలు నాలుగు పేజీల ఉత్తరం పంపారు. అందులోని సంగతులు క్లుప్తంగా ఇవి.

ఆమెకు 34 ఏళ్లు. భర్తకు బదిలీ కావడంతో పద్నాలుగు నెలల కిందట కొత్త ఊరికి వచ్చారు. చిన్నప్పటి నుంచి చర్చిలోనే పెరిగిన మనిషి, అందుకే సామాన్లు పూర్తిగా సర్దకముందే సంఘాన్ని వెతుక్కున్నారు. రెండొందల మంది దాకా వచ్చే సంఘం. వాక్యం బాగా చెబుతారు, పాటలు బాగుంటాయి, పాస్టర్ గారు మంచివారు. మొదటి ఆదివారం ఆమెను లేపి నిలబెట్టి, అందరిచేతా చప్పట్లు కొట్టించి ఆహ్వానించారు. ఆ చప్పట్ల తర్వాత ఇంకేమీ జరగలేదు.

ఆరాధన ముగిశాక ఆడవాళ్లు ముగ్గురు నలుగురు చొప్పున నిలబడి మాట్లాడుకుంటారు. ఈమె దగ్గరికి వెళ్తే, "ప్రైజ్ ద లార్డ్ సిస్టర్, బాగున్నారా?" అని నవ్వుతారు. ఆ వెంటనే తమ మాట ఎక్కడ ఆగిందో అక్కడి నుంచి అందుకుంటారు. అందులో వచ్చే మనుషులు, పాత ముచ్చట్లు ఈమెకు తెలియవు. కాసేపు నవ్వు ముఖంతో నిలబడి, కూతుర్ని వెతుకుతున్నట్టు పక్కకు తప్పుకుంటారు. వాళ్లలో తొమ్మిది మంది సండే స్కూల్ నుంచి కలిసి పెరిగినవాళ్లు, వాళ్లకు సొంతంగా ఒక ప్రేయర్ గ్రూపు ఉంది. సంఘం వాట్సాప్ గ్రూపులో ఈమె నంబరు కూడా ఉంది. ఆ తొమ్మిది మందికీ ఇంకో చిన్న గ్రూపు ఉందన్న సంగతి మాత్రం, పక్కన కూర్చున్నామె ఫోన్ వెలిగినప్పుడు కంటపడింది.

రెండు సంఘటనలు ఆమె వివరంగా రాశారు. ఉపవాస కూడికలో పాస్టర్ గారు "ఇద్దరిద్దరుగా కలిసి ప్రార్థన చేసుకోండి" అన్నారట. ఈమె ఎడమవైపు తిరిగేసరికి అటు కూర్చున్నావిడ అవతలి మనిషి చేతులు పట్టుకుని ఉన్నారు. కుడివైపూ అంతే. ఇక చేసేది లేక బైబిలు తెరిచి, వచనమేదో వెతుకుతున్నట్టు పేజీలు తిప్పారు. "చూస్తే అది సంఖ్యాకాండము. గోత్రాల వారీగా జనాభా లెక్కలు. అందులో కూడా ప్రతివాళ్లకీ ఒక గుంపు ఉంది" అని రాశారు. ఉత్తరం మొత్తంలో నవ్వు వచ్చిన చోటు అదొక్కటే, అదీ పూర్తిగా నవ్వు కాదు.

రెండోది వాళ్లమ్మగారి ఆపరేషన్ అప్పటిది. ప్రార్థన చీటీ రాసి ఇచ్చారు. స్టేజి మీద చదివినవారు ఈమె పేరు తప్పు చదివారు. సరిదిద్దడానికి అసలు పేరు ఆ హాల్లో ఎవరికీ తెలియదు. ఆ తర్వాత ఆమె చీటీ రాయలేదు.

భర్తకు ఆదివారాలు డ్యూటీ. "అంత బాధపడుతూ పోవడం ఎందుకు, యూట్యూబ్‌లో వాక్యం వినొచ్చుగా" అంటారు. ఎనిమిదేళ్ల కూతురికి మాత్రం సండే స్కూలంటే ప్రాణం. సంఘంలో ఒక పెద్దామె దగ్గర మనసు విప్పుకుంటే, "మనం వచ్చేది దేవుని కోసం, మనుషుల కోసం కాదు కదమ్మా" అన్నారట. అప్పటి నుంచి బాధకు తోడు, బాధపడుతున్నందుకు సిగ్గు కూడా మొదలైంది.

ఆమె అడిగిన ప్రశ్నలు: "నాది చిన్నపిల్లల అలకా? నిజంగానే నన్ను పక్కన పెడుతున్నారా? ఇక్కడే ఉండాలా, వేరే చర్చి చూసుకోవాలా?"

*

అలక కాదు. ముందు ఆ సంగతి తేల్చేసుకుందాం, ఎందుకంటే ఆ సిగ్గు పోనిదే మిగతా విషయాలు మీరు నిదానంగా ఆలోచించలేరు.

2003లో అచ్చయిన ఒక ప్రయోగం ఉంది. మనిషిని స్కానర్‌లో పడుకోబెట్టి, తెర మీద ముగ్గురు బంతి విసురుకునే ఆట ఆడిస్తారు. కాసేపయ్యాక మిగతా ఇద్దరూ తమలో తాము విసురుకుంటారు, ఈ మనిషికి బంతి రాదు. జరిగిందల్లా ఇంతే. ఒంటికి దెబ్బ తగిలినప్పుడు ఆ నొప్పి మనల్ని బాధపెట్టేలా చేసే మెదడు భాగం ఒకటుంది. బంతి రానప్పుడు కూడా అదే చురుగ్గా కనిపించింది. ఆ తర్వాతి ఏడాది వచ్చిన మరో అధ్యయనంలో అయితే, అవతల ఆడుతున్నది మనుషులు కాదు, కంప్యూటరేనని ముందే చెప్పి ఆడించినా జనం నొచ్చుకున్నారు. యంత్రం బంతి ఇవ్వకపోతేనే అలా ఉంటే, ఒకే కుటుంబం, ఒకే శరీరం అని ప్రతి వారం చెప్పుకునే చోట ఎవరూ మీవైపు తిరగకపోతే నొప్పి పుట్టడంలో వింతేముంది?

ఇక ఆ పెద్దామె మాట. ఆవిడ చెడ్డ ఉద్దేశంతో అని ఉండరు. కాకపోతే ఆ మాటలో నిజం సగమే. దేవుని కోసం వెళ్లడం నిజమే. కానీ ఒకరి భారాలు ఒకరు మోయమని, ఒకరి కోసం ఒకరు ప్రార్థన చేయమని బైబిల్లోని పత్రికల్లో, అంటే ఉత్తరాల్లో, ఉన్న మాటలు ఎవరి కోసం? ఇంట్లో ఒక్కరే కూర్చుని ఎవరి భారం మోస్తారు? మనుషులతో పని లేకపోతే యేసు పంపిన అపొస్తలులు సంఘాలకు అన్నన్ని ఉత్తరాలు రాయాల్సిన పనే లేదు. అందులో సగం మనుషుల మధ్య గొడవల గురించే. అమెరికాలో చేసిన ఒక సర్వే ఫలితాలు 2010లో వచ్చాయి. క్రమం తప్పకుండా ఆరాధనకు వెళ్లేవాళ్లలో జీవితం మీద తృప్తి ఎక్కువ, నిజమే. అయితే ఆ తృప్తి వచ్చేది అక్కడి స్నేహాల నుంచి. వారం వారం వెళ్తున్నా సంఘంలో దగ్గరివాళ్లంటూ లేనివాళ్లలో అది కనబడలేదు. మీరు కోరుకుంటున్నది విశ్వాసానికి పరాయిది కాదు, అందులో భాగమే.

మరి వాళ్లు మిమ్మల్ని పక్కన పెడుతున్నారా?

దీనికి జవాబు చెప్పే ముందు నా సంగతి ఒకటి ఒప్పుకోవాలి. నేను పదకొండేళ్లు అలాంటి గ్రూపులో ఉన్నాను. బయట కాదు, లోపల. ఏడుగురం. ఆదివారం ఆరాధన అవగానే పియానో పక్కన చేరేవాళ్లం. వారమంతా ఎవరి పాట్లు వాళ్లు పడి, అక్కడికి వచ్చి ఊపిరి పీల్చుకునేవాళ్లం. మేం ఎవరినీ రావద్దనలేదు. మా సంఘం ఎంత ప్రేమగల సంఘమో అని సాక్ష్యం కూడా చెప్పాను నేను, మైకు పట్టుకుని. చాలా ఏళ్ల తర్వాత, ఒకప్పుడు మా చర్చికి ఏడాదిపాటు వచ్చి మానేసిన ఒకావిడ ఎదురుపడ్డారు. మాటల్లో మా గ్రూపు ప్రస్తావన వచ్చింది. "మీ ముఖాలు అంతగా గుర్తులేవక్కా, వీపులు గుర్తున్నాయి" అన్నారు. కోపంగా కాదు, మామూలుగానే అన్నారు. గుండ్రంగా నిలబడితే లోపలివాళ్లకు ముఖాలు కనిపిస్తాయి, బయటివాళ్లకు వీపులు కనిపిస్తాయి. పదకొండేళ్లలో ఒక్కసారి కూడా నాకు ఆ ఊహ రాలేదు.

అందుకే మీ ఉత్తరాన్ని రెండు వైపుల నుంచీ చదివాను. మీరు ఒకే మూట కట్టిన వాటిలో మూడు వేరు వేరు సంగతులు కనిపించాయి.

తొమ్మిది మంది చిన్ననాటి స్నేహితులకు సొంత వాట్సాప్ గ్రూపు ఉండటం తప్పు కాదు. మీకు మీ పాత ఊళ్లో అలాంటిది ఉండే ఉంటుంది, అందులోకి కొత్తవాళ్లను చేర్చాలని మీకూ తోచి ఉండదు. ఆ ఫోన్ వెలిగినప్పుడు మీకు కలుక్కుమన్నది నిజం. అయినా దాన్ని వాళ్ల నేరాల జాబితాలో రాయకండి.

ఇద్దరిద్దరుగా ప్రార్థన చేయమన్నప్పుడు మీరు మిగిలిపోవడం వేరే రకం. అక్కడ ఏ ఒక్కరూ మిమ్మల్ని కాదనలేదు. ఎవరి పక్కన అలవాటైన మనిషి ఉంటే వాళ్లవైపు తిరిగారు. లోపం ఆ పద్ధతిలో ఉంది. "జతలు కట్టండి" అని వదిలేస్తే ఎప్పుడూ పాత జతలే కట్టుకుంటాయి. ముందు నిలబడ్డవాళ్లు "ఎవరైనా ఒంటరిగా ఉన్నారా, చూసి ముగ్గురుగా కలుపుకోండి" అని ఒక్క మాట అంటే పోయేది. అనలేదు.

మూడోది మీ పేరు. ఇక్కడ మాత్రం నేను ఎవరినీ వెనకేసుకు రాను. పద్నాలుగు నెలలు వచ్చిన మనిషి పేరు, అదీ తల్లి ఆపరేషన్ కోసం ప్రార్థన అడిగిన మనిషి పేరు, స్టేజి మీద తప్పు చదివి, తర్వాత ఒక్కరు కూడా వచ్చి "అమ్మకెలా ఉంది?" అని అడగకపోవడం సంఘం తప్పు. మీరు ఎక్కువగా ఊహించుకోవడం లేదు.

ఇప్పుడు కాస్త లెక్కల్లోకి వెళ్దాం. మనుషులు స్నేహితులు కావడానికి ఎంతసేపు కలిసి గడపాలో కాన్సాస్ యూనివర్సిటీ ప్రొఫెసర్ ఒకరు లెక్కగట్టి 2018లో ప్రకటించారు. ముఖపరిచయం మామూలు స్నేహంగా మారడానికి దాదాపు 50 గంటలు, దగ్గరి స్నేహం కావడానికి 200 గంటల పైమాటే. అన్నిచోట్లా, అందరికీ అచ్చం ఇంతేనని కాదు గానీ, మోతాదు తెలుస్తుంది. మీ సంగతి చూడండి. ఆరాధనలో రెండు గంటలు కూర్చుంటారు, కానీ అందరూ ముందుకు చూస్తూ కూర్చుంటారు, అది లెక్కలోకి రాదు. బయట నిలబడి మాట్లాడేది మహా అయితే పది నిమిషాలు. పద్నాలుగు నెలలంటే అరవై ఆదివారాలు. అరవై పదులు ఆరు వందల నిమిషాలు, అంటే పది గంటలు. అదీ ఒక్కరితో కాదు, పాతిక మందికి పంచిన పది గంటలు. ఈ లెక్కన ఒకే మనిషితో మాట్లాడుకుంటూ పోయినా 50 గంటలు నిండటానికి ఆరేళ్లు పడుతుంది. ఆ తొమ్మిది మందికేమో ఒకరితో ఒకరికి ఇరవై ఏళ్ల గంటలు పోగుపడి ఉన్నాయి.

ఈ లెక్క మిమ్మల్ని నిరాశపరచడానికి చెప్పడం లేదు. ఆదివారం ఆరాధన తర్వాతి పది నిమిషాలను నమ్ముకుంటే పని జరగదని చెబుతున్నాను. అక్కడ మీరు ఇంకా బాగా నవ్వినా, ఇంకా చొరవగా నిలబడినా అంతే. తప్పు మీ స్వభావంలో లేదు, మీకు దొరుకుతున్న సమయంలో ఉంది. కాబట్టి మీ ముందున్న దారులన్నిటినీ "నాకు ఒకరిద్దరితో గంటలు ఎక్కడ దొరుకుతాయి?" అనే ప్రశ్నతోనే చూడండి.

అన్నిటికన్నా ముందు నేను పరిశీలించే దారి, ఆ తొమ్మిది మంది గ్రూపులో చేరాలన్న ఆలోచనను వదిలేయడం. గ్రూపులోకి ఎవరూ వెళ్లలేరు. ఒక మనిషి దగ్గరికి వెళ్తారు, ఆ మనిషి వెంట లోపలికి వెళ్తారు. సౌలు (తర్వాత పౌలుగా పేరొందినవాడు) సంగతి గుర్తు చేసుకోండి. అంతకుముందు యేసు శిష్యులను హింసించినవాడు. దమస్కు దారిలో ప్రభువును చూసి, మారిన మనసుతో యెరూషలేముకు వచ్చి శిష్యులతో కలవబోతే, అందరూ భయపడ్డారు. అతన్ని నమ్మలేదు. అపొస్తలుల కార్యాలు తొమ్మిదో అధ్యాయంలో ఉంది. అంతటివాడికే తనంతట తాను లోపలికి వెళ్లడం కుదరలేదు. ఆ శిష్యుల్లో ఒకడైన బర్నబా చెయ్యి పట్టుకుని తీసుకెళ్లాడు. ఈ బర్నబా ఎక్కడివాడు? యెరూషలేములో పుట్టి పెరిగినవాడు కాదు, కుప్ర (సైప్రస్) ద్వీపం మనిషి. ఒకప్పుడు తనూ బయటి నుంచి వచ్చినవాడే. (ఆ ఇద్దరూ తర్వాత మార్కు అనే తోటి సేవకుడి విషయంలో వాదులాడుకుని విడిపోయారు, అది వేరే కథ. స్నేహాలన్నీ చివరిదాకా నిలవాలని లేదు.)

కాబట్టి మీ సంఘంలో పెళ్లయో, ఉద్యోగం వచ్చో, మీలా బదిలీ అయ్యో వచ్చి, మూడు నాలుగేళ్లలో నిలదొక్కుకున్నవాళ్లు ఎవరున్నారో చూడండి. గ్రూపు నడిమధ్యలో ఉండేవాళ్లను వదిలేయండి, వాళ్లకు ఉన్నవాళ్లతోనే తీరిక లేదు. అంచున ఉన్న మనిషిని చూసుకోండి. వెళ్లి "మనం ఎప్పుడైనా కలుద్దామండీ" అనొద్దు. దానికి అందరూ "తప్పకుండా" అంటారు, అక్కడితో అయిపోతుంది. "గురువారం సాయంత్రం ఒక గంట మా ఇంటికి వస్తారా, కలిసి ప్రార్థన చేసుకుందాం" అని రోజూ వేళా పెట్టి అడగండి. ఇందులో ఉన్న కష్టం నాకు తెలుసు. కాదంటే? ఒకసారి కాదంటే నిజంగానే పని ఉండొచ్చు. రెండుసార్లు కాదని, ఇంకో రోజు తామే చెప్పకపోతే వదిలేసి, మరొకరిని అడగండి. ముగ్గురిని అడిగితే ఒకరు వస్తారని నా అనుభవం, పూచీ మాత్రం ఇవ్వలేను.

రెండో దారి ఏదైనా పనిలో చేరడం. క్వయిర్, సండే స్కూల్, హాలు సర్దడం, ఏదైనా సరే. పక్కపక్కన పనిచేస్తే గంటలు వాటంతటవే పోగవుతాయి, మాట కోసం వెతుక్కోనక్కర్లేదు. అందరూ ఇచ్చే సలహానే ఇది, మంచిదే. కానీ ఇందులో ఒక గుంట ఉంది. నెమ్మదిగా మీరు "ఏ పని చెప్పినా చేసే సిస్టర్" అయిపోతారు. కుర్చీలు వేయడానికి మీ పేరు అందరికీ గుర్తొస్తుంది, మీకు జ్వరమొస్తే ఎవరికీ గుర్తురాదు. అలా పదేళ్లు సేవ చేసి, లోపల ఎండిపోయినవాళ్లను నేను చూశాను. అందుకని ఒంటరిగా చేసే పని తీసుకోకండి. ఇద్దరు ముగ్గురు కలిసి, ప్రతి వారం చేసే పని అడగండి. మీ అమ్మాయి సండే స్కూల్లో ఉంది కాబట్టి అక్కడ ఇంకో టీచరుకు తోడుగా చేరడం మీకు సులువు. ఆరు నెలల తర్వాత ఒకసారి చూసుకోండి: ఈ పని వల్ల ఎవరికైనా నా సంగతులు తెలిశాయా, పనే తెలిసిందా?

మూడోది, పాస్టర్ గారితోనో పాస్టరమ్మగారితోనో మాట్లాడటం. ఇది ఫిర్యాదు చేసినట్టు ఉంటుందేమోనని మీరు వెనకాడుతున్నారు. మొదటి సంఘంలో వచ్చిన మొదటి తగాదాల్లో ఒకటి సరిగ్గా ఇలాంటిదే. గ్రీకు భాష మాట్లాడే యూదులు, తమ వితంతువులను రోజువారీ తిండి పంపకంలో పట్టించుకోవడం లేదని సణిగారు. అపొస్తలుల కార్యాలు ఆరో అధ్యాయం మొదట్లోనే ఉంది. అపొస్తలులు "మీరు దేవుని కోసం వచ్చారా, పంపకం కోసం వచ్చారా?" అనలేదు. ఓపిక పట్టమని ప్రసంగమూ చేయలేదు. ఏడుగురిని ఎన్నుకోమని చెప్పి, వాళ్లకు ఆ పని అప్పగించారు. స్తెఫను, ఫిలిప్పు, ప్రొకొరు, నీకానోరు, తీమోను, పర్మెనాసు, నీకొలాసు. ఏడూ గ్రీకు పేర్లే. పట్టించుకోవడం లేదన్న వైపువాళ్ల చేతికే పంపకం వెళ్లిందని చాలామంది వ్యాఖ్యాతలు అంటారు. చెప్పినవాళ్లను చిన్నబుచ్చకుండా పద్ధతి మార్చారు. మీరు అడగబోయేదీ అదే.

అయితే ఎలా చెబుతారన్నది ముఖ్యం. "మీ సంఘంలో గ్రూపులున్నాయి" అని మొదలుపెడితే, వచ్చే ఆదివారం గుంపులు కట్టడం గురించి ప్రసంగం వస్తుంది. ఎవరు చెప్పారా అని అందరూ తలలు తిప్పుతారు. ఆ తొమ్మిది మంది నొచ్చుకుంటారు, మీరు ఇంకాస్త దూరమవుతారు. పేర్లు చెప్పకండి. జరిగినవి రెండు చెప్పండి: జతగా ప్రార్థన చేయమన్న రోజు, చీటీ చదివిన రోజు. "దీని మీద ప్రసంగం వద్దండీ, జతలు కట్టమన్నప్పుడు కొత్తవాళ్లను కలుపుకోమని ఒక్క మాట అనండి, చీటీ రాసినవాళ్లను ఆ వారంలో ఎవరో ఒకరు ఫోన్ చేసి పలకరించేలా చూడండి" అని అడగండి. విని పద్ధతి మారిస్తే ఆ మేలు మీ ఒక్కరితో ఆగదు. విని, "మా సంఘంలో అలాంటివి లేవమ్మా" అంటే, అదీ ఒక జవాబే. ఉండాలా వెళ్లాలా అన్న ప్రశ్నకు అది పనికొస్తుంది.

ఇంకొకటి. ఉత్తరం మూడో పేజీలో మీరు ఒక వాక్యం రాశారు, రాసినట్టు మీకు గుర్తుందో లేదో: "వెనక బెంచీలో నాలాగే ఒక అమ్మాయి ఒంటరిగా వచ్చి వెళ్తుంది, పేరు తెలియదు." ఎన్నాళ్లుగా చూస్తున్నారు ఆమెను? మిమ్మల్ని తప్పుపట్టడం లేదు. నేను పదకొండేళ్లు చూడలేదని ఇందాకే చెప్పాను. మన బాధ మనకు పెద్దగా ఉన్నప్పుడు పక్క మనిషి ఖాళీ కుర్చీలాగే కనిపిస్తుంది. ఆమె పేరు అడగండి. ఒక జాగ్రత్త మాత్రం: ఇద్దరు ఒంటరివాళ్లు కలిస్తే ముందుగా దొరికే విషయం ఆ తొమ్మిది మందే. మాట్లాడుకోవడానికి హాయిగా ఉంటుంది. ఆ మాటలతోనే ముడిపడితే మీదీ ఒక గ్రూపే అవుతుంది, పైగా చేదుతో కట్టిన గ్రూపు. వాళ్ల ఊసు లేకుండా ఒక గంట గడిచిందంటే మీ స్నేహం కుదిరినట్టే.

వేరే సంఘానికి వెళ్లడం పాపం కాదు. ఈ ముక్క చాలామంది చెప్పరు. కానీ వెళ్లిన రోజున మీ గంటలు మళ్లీ సున్నా నుంచి మొదలవుతాయి, అక్కడా ఎవరో తొమ్మిది మంది ఉంటారు. మీ అమ్మాయికి కుదిరిన స్నేహాలు తెగుతాయి. పెద్దవాళ్లకన్నా పిల్లలు త్వరగా అల్లుకుంటారు నిజమే, అయినా ఎనిమిదేళ్ల పిల్లకు రెండేళ్లలోపే రెండోసారి అంటే ఆలోచించాలి. అందుకే పైన చెప్పినవాటిలో రెండైనా చేసి, ఆరు నెలలు గడువు పెట్టుకోండి. గడువు తేదీ ఎక్కడైనా రాసి పెట్టుకోండి. లేకపోతే ప్రతి ఆదివారం రాత్రీ "ఇక మానేద్దామా" అన్న టెన్షన్‌తోనే పడుకుంటారు.

గడువు వరకు ఆగనక్కర్లేని సందర్భాలూ ఉన్నాయి. మీరు చెప్పుకున్న ప్రార్థన విషయం బయట కబుర్లుగా తిరిగితే. భర్త రావడం లేదని మిమ్మల్ని ఒక మెట్టు తక్కువగా చూస్తే. కారులో వచ్చినవాళ్లకు ముందు వరస, మిగతావాళ్లకు వెనక వరస అన్నట్టు నడుస్తుంటే. బంగారు ఉంగరం పెట్టుకొచ్చినవాడికి మంచి చోటు చూపించి, పేదవాడిని కింద కూర్చోమంటే అది పక్షపాతమని యాకోబు తన పత్రిక రెండో అధ్యాయంలో సూటిగానే రాశాడు. అలాంటివి కనిపిస్తే అది అలవాటు వల్ల వచ్చిన దూరం కాదు, తెలిసి చేస్తున్నది. దానికి మీరు ఎంత ఓపిక పట్టినా మందు లేదు. మీ ఉత్తరంలో నాకు అవి కనబడలేదు. మీకు తెలిసి రాయకుండా ఉంటే, నిర్ణయం మారుతుంది.

మీవారు చెప్పిన యూట్యూబ్ సంగతి: ఆయన మిమ్మల్ని బాధ నుంచి తప్పించాలనే అన్నారు. వాక్యం వినడానికి అది సరిపోతుంది. ఒక నెలో రెండు నెలలో మనసు కుదుటపడేదాకా అలా విన్నా ఎవరికీ సంజాయిషీ ఇవ్వనక్కర్లేదు. కానీ అందులో మీ పేరు ఎవరూ తప్పుగా కూడా చదవరు. ఆయనను ఆరాధనకు రమ్మని బలవంతం చేయకుండా, డ్యూటీ లేని ఏదో ఒక ఆదివారం అమ్మాయిని తీసుకెళ్లడానికి గేటు దాకా వచ్చి పది నిమిషాలు నిలబడమనండి. ఇద్దరు నిలబడితే పలకరింపులు తేలికవుతాయి.

చీటీ చదివినవారి గురించి చివరగా. ఆయనో ఆవిడో, మీకు తెలుసు కదా. వచ్చే ఆదివారం వెళ్లి, "ఆ రోజు నా పేరు పొరపాటుగా చదివారండీ, నా పేరు ఇది" అని చెప్పండి. నిష్ఠూరంగా వద్దు, దాచుకోనూ వద్దు. అవతలి మనిషికి సిగ్గేస్తుంది. సిగ్గుపడ్డ మనిషి సాధారణంగా ఆ పేరు ఇక మర్చిపోరు. మళ్లీ చీటీ రాయాలో వద్దో ఆ తర్వాత చూసుకోవచ్చు.

నాలుగు పేజీల ఉత్తరంలో ఆపరేషన్ తర్వాత మీ అమ్మగారికి ఎలా ఉందో రాయలేదు. అడిగినవాళ్లు లేక రాయడం కూడా మానేశారేమో. నేను అడుగుతున్నాను. ఎలా ఉన్నారు?